మాటామాటా వచ్చిన రోజు

1932వ సంవత్సరం ఆగస్టు చివరి రోజు ఉదయం కూర్మయ్య ముందున్న కార్యక్రమం మలయా దేశంలో సుంగై సుమున్ ఊరి సమీపాన ఆ కొబ్బరితోట బంగళాలో ఇరవై రెండేళ్ళుగా మారనిదే: ఆరింటికి దొరకు తేనీరు, ఏడింటికి రెండు గుడ్లు, ఎనిమిదింటికి వెండిసామాను తుడవడం. ఆ రోజుకు అదనంగా ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. వచ్చే నెల ఓడ ఎక్కి స్వదేశం వెళ్ళిపోతున్న దొరకు తన చిట్టీ సంగతి గుర్తు చేయాలి.

చిట్టీ అంటే పాత దొర తన సేవకుడి గుణగణాలను గురించి కొత్త దొరకు రాసిచ్చే కాగితం. అది చేతిలో ఉంటే బంగళా వెనక గదీ, తెల్లకోటూ నిలుస్తాయి. లేకపోతే కూలీల ఇళ్ళ లైనులోకి మారి, యాభై నాలుగేళ్ళ వయసులో కొబ్బరికాయలు ఒలవడం నేర్చుకోవాలి. కూర్మయ్యకు దేవుడి మీద ఎంత నమ్మకం ఉండేదో చెప్పలేము గాని, చిట్టీ మీద ఉన్న నమ్మకానికి మాత్రం రుజువులున్నాయి. అది లేక లైనుకు చేరిన వంటవాళ్ళను ముగ్గురిని అతడు స్వయంగా ఎరుగును.

ఏడింటికి పంపిన గుడ్లు ముట్టకుండానే వెనక్కి వచ్చాయి. దొరకు చలిజ్వరం తిరగబెట్టింది. మూడు కంబళ్ళ కింద వణుకుతూ, కొయినా మాత్రల వల్ల చెవుల్లో హోరెత్తుతూ ఉన్న ఆ మనిషి సొరుగు వైపు చెయ్యి చూపించాడు. అందులో ఆయన రివాల్వరు, ఆరు గుళ్ళు, లైసెన్సు కాగితం ఉన్నాయి. రివాల్వరును ఏడాదికొకసారి పట్టణంలో పోలీసు ఆఫీసుకు తీసుకెళ్ళి చూపించి, లైసెన్సు మీద ముద్ర వేయించుకోవాలి. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలతో గడువు తీరిపోతుంది.

"కూర్మా, నువ్వు పట్టుకెళ్ళు. ఎలాగో లారెన్స్ చెప్తాడు," అని, దోమలు వాలకుండా ముఖం మీదికి తెల్ల దుప్పటి లాక్కుని, దొర నిద్రలోకి జారుకున్నాడు. చిట్టీ ప్రస్తావన తెచ్చే వ్యవధి కూర్మయ్యకు దొరకలేదు. ఈ పని సవ్యంగా ముగించుకు వస్తే అడగడానికి ఇంతకంటే మంచి సమయం ఉండదని సమాధానపడ్డాడు.

లారెన్స్ ఆ తోట గుమాస్తా, తోట జనం మాటలో కిరాణీ. ఇంగ్లీషు చట్టమంటే ఎంత గౌరవమో, తుపాకులంటే అంత భయం. అందుచేత రివాల్వరును బల్ల మీద వద్దని కుర్చీ మీద పెట్టించి, తాను మూడు అడుగుల దూరాన నిలబడి ఇంగ్లీషు లైసెన్సును తెలుగు చేసుకుంటూ చదవడం ప్రారంభించాడు. సొరుగులో పడిన చెదలు రివాల్వరు తోలు ఒరను పూర్తిగా తినేసి, కాగితం దగ్గరికి వచ్చేసరికి ఆకలి తీరిందేమో, మూడు చోట్ల శనగగింజంత కన్నాలు చేసి వదిలాయి. గోతుల రోడ్డుకు అలవాటుపడిన సైకిలులాగా లారెన్స్ చూపు ఆ కన్నాల మీదుగా ఎక్కడా ఆగకుండా సాగిపోయింది.

"ఏటి కిరాణీ బావూ, కోటు జేబులో ఎట్టుకోనా?" అన్నాడు కూర్మయ్య.

"జేబులోనా! ఇను మావా, ఇక్కడ రాసున్నాది. 'ఈ ఆయుధమును బహిరంగ స్థలములందు ఎల్లరకు కనబడునట్లు తీసుకొనిపోవలెను.' తెలిసినాదా? కనబడాల. కనబడకపోతే ఆరు నెల్లు జైలు."

"సంచీలో ఏసుకుంటే?"

"దాసినట్టే."

"మొలలో దోపుకుంటే?"

"కోటు కప్పేస్తాది."

"కోటు ఇప్పేస్తాను."

"బంగళా మనిషివి, కోటు లేకండా పోలీసాఫీసుకి ఎల్తావా? దొర పరువేటి గావాల?"

"మరెలగ బావూ?"

"ఏటి సెయ్యాలో చట్టం సెప్తాది. ఎలగ సెయ్యాలో సెప్పదు. అది నీ పని," అని లారెన్స్ ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

కూర్మయ్య ఆలోచించిన తీరులో తర్కదోషం ఏమీ లేదు. ఇరవై రెండేళ్ళుగా ఆ బంగళాలో ఒకచోటి నుంచి మరొకచోటికి పోయిన ప్రతి వస్తువూ, అది సూపైనా, టపా ఉత్తరమైనా, దొర కట్టుడు పళ్ళైనా, అందరికీ కనబడేటట్లు వెండి పళ్ళెంలోనే పోయింది. కనుక పెద్ద పళ్ళెం తీశాడు. తెల్ల గుడ్డను నాలుగు మడతలు వేసి పరిచాడు. పుచ్చుకునేవారి చేతికి అనువుగా పిడి కుడివైపుకూ, గొట్టం ఎడమవైపుకూ వచ్చేటట్లు రివాల్వరును పెట్టాడు. ఆరు గుళ్ళనూ ఉడికిన గుడ్లు నిలబెట్టే ఆరు గిన్నెల స్టాండులో ఒక్కొక్కటిగా నిలబెట్టాడు. లైసెన్సును మడిచి, కాల్చిన రొట్టెముక్కలు నిలబెట్టే వెండి చట్రంలో గుచ్చాడు.

"మీద గుడ్డయినా కప్పయ్యా, ఈగలు ముసురుతాయి," అంది అతడి భార్య నూకమ్మ.

"కప్పితే ఆరు నెల్లు," అన్నాడు కూర్మయ్య, గడప దాటుతూ.

రోడ్డు మీద పట్టణానికి పోయే చిన్న బస్సు దొరికింది. కూర్మయ్య ముందు సీటులో కూర్చుని, పళ్ళేన్ని ఒడిలో సమంగా పెట్టుకున్నాడు. క్షణంలో బస్సులోని జనమంతా వెనక మూడు సీట్లలోకి సర్దుకున్నారు. చీనా డ్రైవరు అద్దంలో ఒకసారి చూసి, మళ్ళీ చూడలేదు. తర్వాతి నాలుగు స్టాపులలో జనం చేతులెత్తినా బస్సు ఆగలేదు. అదే తోటకు చెందిన ఎర్రమ్మ, అరటిగెల అమ్ముకోవడానికి పోతూ, వెనక సీటు నుంచి కేకేసింది.

"ఓ మావా! ఏటది?"

"దొరది. సూడొచ్చు, ముట్టుకోకూడదు."

"దొరేడీ మరి?"

"తొంగున్నాడు."

ఈ జవాబులో భయపడవలసింది ఏమీ లేదు. అయినా ఎర్రమ్మ గెలను గట్టిగా కౌగిలించుకుంది.

వంతెన దగ్గర సైకిలు పట్టుకుని నిలబడిన మలయు కానిస్టేబుల్ ఒకడు కనబడగానే, డ్రైవరు ఆ ఉదయం మొదటిసారిగా సంతోషంతో బ్రేకు వేశాడు.

ఇక్కడ భాషను గురించి ఒక మాట చెప్పక తప్పదు. మలయు భాషలో 'మాతా' అంటే కన్ను. కన్ను కన్ను కలిపి 'మాతా-మాతా' అంటే పోలీసు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తోట జనం నాలుక మీద అది 'మాటామాటా' అయింది. అంతేగాక వారి వ్యాకరణంలో పోలీసు మనిషి కాదు. వాన వచ్చింది, జ్వరం వచ్చింది, మాటామాటా వచ్చింది. మూడూ ఒకే లింగం, చెప్పకుండా రావడంలో మూడూ ఒకే జాతి.

కూర్మయ్యకు ఉన్న మలయు జ్ఞానం వంటింటి గుమ్మం దగ్గర కోళ్ళవాడితోనూ చేపలవాడితోనూ సంపాదించినది. ఈ తుపాకీ ఎవరిదని కానిస్టేబుల్ అడిగాడు. దొరదని చెప్పాడు. దొర ఏడని అడిగాడు.

"తువాన్ సాకిత్," అన్నాడు కూర్మయ్య. దొరకు జబ్బుగా ఉంది అని అతడి భావం. అయితే మలయులో 'సాకిత్' అంటే జబ్బూ అవుతుంది, నొప్పీ అవుతుంది. తుపాకీ ఎదుట ఉన్నప్పుడు దాని అర్థం గాయం వైపే మొగ్గుతుంది.

కానిస్టేబుల్ రివాల్వరు వైపు చూశాడు. గుడ్ల స్టాండులోని గుళ్ళ వైపు చూశాడు. గొంతు తగ్గించి, "సియాపా బువత్?" అన్నాడు. ఎవరు చేశారు, అని.

కూర్మయ్య కూడా పళ్ళెం వైపు చూశాడు. గుడ్డ మడత చెదరలేదు. వెండి మెరుస్తోంది. ఇరవై రెండేళ్ళ సేవలో, ఇది ఎవరు చేశారని ఇంత శ్రద్ధగా అడిగినవాడు లేడు. వినయంగా తలవంచి, తానేననీ, ఎవరి సాయమూ లేకుండా తానొక్కడే చేశాననీ చెప్పాడు.

అంతటితో నేరానికి నేరమూ, ఒప్పుకోలుకు ఒప్పుకోలూ సమకూరాయి. కానిస్టేబుల్ అతడి చేతులకు బేడీలు వేశాడు. ఆయుధం మీది వేలిముద్రలు చెరిగిపోకూడదని విని ఉన్నాడు గనుక దాన్ని తాను ముట్టలేదు. పళ్ళెం మళ్ళీ బేడీల చేతుల్లోనే పెట్టి, సైకిలును బస్సు మీదికి ఎక్కించి, పట్టణానికి పోనిమ్మన్నాడు. ఎర్రమ్మ అరటిగెల సంగతి మరచి అక్కడే దిగిపోయి, ఎదురుగా వచ్చిన బస్సెక్కి తోటకు తిరిగిపోయింది.

ఆమె తెచ్చిన వార్త సంక్షిప్తమైనది. "దొరని కూర్మయ్య మావ కాల్సేసినాడు. నానే సేసినానని మాటామాటాతోటి సెప్పినాడు. నా సెవుల్తో ఇన్నాను."

"సాల్లేవే! మా ఆయన కోణ్ణి కొయ్యమంటే కళ్ళు మూసుకుంటాడు. బంగళాలో కోళ్ళన్నీ కోసింది నాను!" అని నూకమ్మ మండిపడింది. కాని ఆ మాటతో కొందరు ఆమె నుంచి కూడా ఒక అడుగు వెనక్కి జరిగారు.

పొద్దున్న తుపాకీ చప్పుడు విన్నామని చెప్పినవారు పదిహేనుమంది తేలారు. కొబ్బరితోటలో కాయలు రాలి ధబ్బుమనే చప్పుళ్ళు తెల్లవారినది మొదలు వినబడుతూనే ఉంటాయి. ఆ రోజు వాటిలో ఒకదానికి అర్థం దొరికింది. లారెన్స్ తన బాధ్యత తెలిసినవాడు గనుక, సాక్ష్యాన్ని ఎవరూ కదిలించకుండా దొర పడకగదికి బయటి నుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, కంపెనీవారికి పంపవలసిన తంతి రాయడానికి కూర్చున్నాడు. నూకమ్మ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. ఆమెను చూసి లైను ఆడవాళ్ళందరూ ఏడ్చారు. తలుపు తెరిచి ఒకసారి చూద్దామన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. దుఃఖానికి కారణం ఉన్నదో లేదో పరీక్షించడం దుఃఖించేవారికి మర్యాదగా తోచదు కాబోలు.

పట్టణంలో ఇన్‌స్పెక్టరు దొర తెలుగు దుబాసీని పిలిపించాడు. దుబాసీ పేరు రేమండ్. గుంటూరు నుంచి వచ్చి మూడు వారాలైంది. ఇంగ్లీషు బాగా వచ్చు, తెలుగు అంతకంటే బాగా వచ్చు, మలయు ఒక్క ముక్క రాదు.

"అయ్యా, జరిగింది జరిగినట్లు చెప్పండి. భయపడవద్దు," అన్నాడు రేమండ్.

"బయమేటి బావూ? పొద్దుటేల దొర పిలిసినాడు. పిస్తోలు నా సేతికొచ్చింది. ఆనక మాటామాటా వచ్చింది. దాంతోటే ఇదంతా అయినాది."

రేమండ్ కలం ఆగింది. "మాటా మాటా వచ్చిందా?"

"వచ్చింది బావూ. నాను మర్యాదగానే నిలబడ్డాను. అదే ఇనుకోలేదు."

"ఒక్కసారిగా వచ్చిందా, లేక మొదటి నుంచీ ఉందా?"

"ఒక్కపాలే వచ్చింది. సైకిలు మీద."

రేమండ్ ఇంగ్లీషులో ఇలా రాశాడు: 'ఆయుధము చేతికి వచ్చిన పిమ్మట ముద్దాయికిని యజమానికిని కలహము సంభవించెను. ముద్దాయి మనస్సు స్థిమితముగా లేనందున మధ్యలో ఒక సైకిలును గూర్చి పలికెను.' ఆ విధంగా, అప్పటిదాకా లోటుగా ఉన్న ప్రేరణ కూడా దొరికింది.

కూర్మయ్య గోడగడియారం వైపు చూశాడు. పదిన్నర. "బావూ, ముద్ర బేగి ఏయించండి. దొర ఎల్లిపోయేలోగా నాను చిట్టీ రాయించుకోవాల. పోలీసు కేసు పడితే నా చిట్టీ గతేటి?"

ఏమంటున్నాడని ఇన్‌స్పెక్టరు అడిగాడు. వెళ్ళిపోయిన దొరవద్ద నుంచి సత్ప్రవర్తన పత్రం కోరుతున్నాడని రేమండ్ నిదానంగా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో అనేకమంది హంతకులను చూసినవాడు. ఇంతటివాణ్ణి చూడలేదు. తోట లైసెన్సుల కట్టనూ, ముద్రపెట్టెనూ చంకన పెట్టుకుని లారీ తెమ్మన్నాడు.

లారీలో ఇన్‌స్పెక్టరు, రేమండ్, నలుగురు కానిస్టేబుళ్ళు, మధ్యన పళ్ళెంతో కూర్మయ్య. బంగళా చేరేసరికి పదకొండు ముప్పావు. అరుగు నిండా ఏడుపులు వినబడగానే ఇన్‌స్పెక్టరు టోపీ తీసి చేత పట్టుకున్నాడు.

"ఏమీ ముట్టుకోలేదు సార్," అన్నాడు లారెన్స్, తాళంచెవి అందిస్తూ.

తలుపు తెరిచారు. మంచం మీద మూడు కంబళ్ళు, ముఖం మీద తెల్ల దుప్పటి. ఎక్కడా చలనం లేదు. ఇన్‌స్పెక్టరు తల వంచాడు. ఒక కానిస్టేబుల్ ముందుకు పోయి, దుప్పటి అంచు రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా తీశాడు.

దొర కళ్ళు తెరిచాడు. చెమట పట్టి జ్వరం దిగిపోయింది గాని చెవుల్లో హోరు తగ్గలేదు. ఎదురుగా టోపీ చేతపట్టుకుని తలవంచిన ఇన్‌స్పెక్టరును చూశాడు. నలుగురు పోలీసులను చూశాడు. కిటికీలో ఏడ్చి వాచిన ఇరవై ముఖాలను చూశాడు. వీటన్నిటిలో తనకు అర్థమయ్యే వస్తువు ఒక్కటే కనబడింది.

"కూర్మా, పళ్ళెంలో టీ ఏదీ?"

"సిత్తం దొరా," అని కూర్మయ్య రివాల్వరును బల్ల మీద దించి, బేడీలతోనే వంటింట్లోకి నడిచాడు. ఏం చేయాలో తోచని కానిస్టేబుల్ ఒకడు పాలచెంబు పట్టుకుని వెంట వచ్చాడు.

టీ తాగుతూ విచారణ జరిగింది. తుపాకీని ఇలా ఊరేగించమని ఎవరు చెప్పారని ఇన్‌స్పెక్టరు అడిగాడు. చట్టం చెప్పిందని లారెన్స్ బదులిచ్చాడు. రొట్టెల చట్రంలోంచి లైసెన్సు తీసి, తన కట్టలో ఉన్న నకలు పక్కన పెట్టి ఇన్‌స్పెక్టరు రెండూ పోల్చాడు. నకలులో 'ఎల్లరకు కనబడునట్లు తీసుకొనిపోవలెను' అన్న అర్థమిచ్చే వాక్యం మధ్యలో ఒక చిన్న 'నాట్' ఉంది. బంగళా కాగితంలో అదే చోట శనగగింజంత కన్నం ఉంది.

ఇంగ్లీషులో కాదనడానికి మూడక్షరాల ముక్క చాలు. దాన్ని ఒక చెదపురుగు ఒక్క పూటలో తినగలదు. అదే తెలుగులో అయితే 'పోవలెను' కాస్తా 'పోరాదు' కావాలి. అందుకు పురుగు తినడమే కాదు, రాయడం కూడా నేర్వాలి. లారెన్స్‌కు ఈ తేడా ఆ క్షణంలో బోధపడింది. తంతి కాగితాన్ని నెమ్మదిగా మడిచి జేబులోకి తోశాడు.

కూర్మయ్యను ఏం చేయాలన్నది మిగిలింది. అతడి చేతిలో ఉన్న కాగితం చెప్పినట్లు అతడు తు.చ. తప్పకుండా చేశాడు. కాగితం తప్పు చెబితే నేరం చెదలది. ఇన్‌స్పెక్టరు బేడీలు తీయించాడు. పన్నెండుకు ఇంకా మూడు నిమిషాలుంది. ఆయుధమూ, లైసెన్సూ, దాని యజమానీ, ముద్ర వేయవలసిన అధికారీ, ఈ నాలుగూ ఒకే గదిలో ఉండటం ఏ ఏడాదీ జరగనిది. ముద్ర అక్కడే పడింది.

దొర మనసు కరిగింది. తన పని మీద వెళ్ళి బేడీలు వేయించుకున్నవాడు ఆ బేడీలతోనే టీ పెట్టాడు, చక్కెర కూడా సరిపోయింది. కలం తెప్పించి, నెల తర్వాత రాయవలసిన చిట్టీ అప్పుడే రాసి, అందరి ఎదుటా కూర్మయ్యకు తెలుగులో చదివి వినిపించమని రేమండ్ చేతికిచ్చాడు. ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన కాగితం. కూర్మయ్య కోటు గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డాడు. కిటికీలో నూకమ్మ కళ్ళు తుడుచుకుంది.

"'కూర్మయ్య నా వద్ద ఇరవై రెండు సంవత్సరాలు పనిచేశాడు. నిజాయితీపరుడు. వెండిసామాను బాగా చూసుకుంటాడు. ఇన్నేళ్ళలో ఇతడి వల్ల ఈ ఇంట్లో ఒక్కసారి కూడా మాటా మాటా రాలేదు.' చాలా గొప్పగా రాశారండీ. సంతోషమేనా?"

కూర్మయ్య గదిలో ఉన్న నలుగురు కానిస్టేబుళ్ళనూ ఒక్కొక్కరిగా చూశాడు.

"సంతోషమే బావూ. గాని ఆ ఆకరి ముక్క అబద్దం."

"ఏ ముక్క?"

"మాటామాటా రాలేదంటాడేటి? వచ్చింది గదా. నా వల్లే వచ్చింది. ఈ గదిలోనే వచ్చింది. ఊరు ఊరంతా సూసినాది. రేపు కొత్త దొర ఎవుర్నడిగినా సెప్తారు. అబద్దపు చిట్టీ నాకొద్దు బావూ, నిజమే రాయించండి."

"ఓరి నీ నిజం బంగారం గాను! ఇచ్చింది పుచ్చుకోవయ్యా!" అని కిటికీలోంచి నూకమ్మ అరిచింది.

కలహం జరిగిన మాట నిజమేననీ, అది రాయకపోతే పత్రం పుచ్చుకోనంటున్నాడనీ దొర చెవి దగ్గర రేమండ్ గట్టిగా అనువదించాడు. దొర చిట్టీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తనకేమీ జ్ఞాపకం లేదు. జ్వరంలో ఏమన్నాడో ఏమో, తనకే తెలియదు. ఒక సేవకుడు ఇంత నిక్కచ్చిగా ఉండటం మెచ్చుకుని, ఆ వాక్యం చివర 'ఒక్కసారి తప్ప' అని చేర్చి, తేదీ వేసి సంతకం పెట్టాడు.

అక్టోబరులో కొత్త దొర దిగాడు. చిట్టీ రెండుసార్లు చదివి, ఆ ఒక్కసారి ఏం జరిగిందని లారెన్స్‌ను అడిగాడు.

"అదా సార్, అది రివాల్వరు రోజున," అన్నాడు లారెన్స్, అంతకంటే వివరం తనకు గౌరవం కాదని తలచి.

కూర్మయ్య ఉద్యోగం నిలిచింది. కొత్త దొర మాత్రం తన రివాల్వరును పట్టణంలో బ్యాంకువారి ఇనప్పెట్టెలో దాచి, ఆ తోటలో ఉన్న తొమ్మిదేళ్ళూ గుడ్డు పచ్చిగా ఉన్నా బాగుందనే అన్నాడు.